అకాడమీ మెట్టు దాటితేనే.. అసలు ఆట
సీనియర్‌ జట్టులో చోటు కోసం వర్ధమాన ఫుట్‌బాలర్ల నిరీక్షణ
సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు తెలుసుకోవాల్సినవెన్నో

బేతంచెర్ల: నాపరాళ్ల గనులు, పాలిష్‌ ఫ్యాక్టరీలే జీవనాధారమైన బేతంచెర్ల ప్రాంతంలో ఒక కుటుంబం తన బిడ్డను ఆటల వైపు పంపడమంటే చిన్న నిర్ణయం కాదు. పదో తరగతి చదవాల్సిన వయసులో బాలుడు ఊరు విడిచి అకాడమీ వసతిగృహానికి వెళితే ఆ ఇంట చదువుపై ఆశ సగం వదులుకున్నట్లే. అకాడమీలో సీటు దక్కగానే ఇక దిగులు లేదని భావించేవారే అధికం. వాస్తవానికి అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది. ముఖ్యంగా ఫుట్‌బాల్‌లో అకాడమీ నుంచి సీనియర్‌ జట్టుకు చేరే దారి ఎంతో ఇరుకు.

చేరడం వేరు.. ఆడటం వేరు
అకాడమీల్లో అండర్‌-13, అండర్‌-15, అండర్‌-17 వంటి విభాగాలుగా శిక్షణ ఇస్తారు. వయసు దాచి ఆడేవారిని గుర్తించేందుకు మణికట్టు ఎముకల పరీక్షలు సైతం నిర్వహిస్తారు. ఈ దశల్లో రాణించిన వారిని తొలుత సీనియర్లతో కలిపి సాధన చేయిస్తారు. ఆపై అదనపు ఆటగాడిగా బెంచీపై కూర్చోబెడతారు. మ్యాచ్‌ ముగింపులో పది నిమిషాలో, పావుగంటో మైదానంలోకి దించి చూస్తారు. పిల్లల పోటీల్లో గోల్స్‌ చేసిన కాలికి, పాతికేళ్ల రక్షకుడి భుజబలం ఎదురైనప్పుడే అసలు సత్తా తెలుస్తుంది. గోల్‌కీపర్ల నిరీక్షణ మరింత సుదీర్ఘం. జట్టులో ఆ స్థానం ఒక్కటే కావడం, కోచ్‌లు అనుభవానికే మొగ్గు చూపడం ఇందుకు కారణాలు. కరోనా కాలంలో 2020లో తెచ్చిన ఐదుగురు సబ్‌స్టిట్యూట్ల వెసులుబాటును 2022లో శాశ్వతం చేయడం కుర్రాళ్లకు కొంత కలిసివచ్చింది.

తండా నుంచి జాగ్రెబ్‌కు
తెలుగు నేలపై ఇందుకు చక్కని ఉదాహరణ నిజామాబాద్‌ జిల్లా గిరిజన తండాకు చెందిన గుగులోత్‌ సౌమ్య. తొలుత పరుగు పందేల్లో పాల్గొన్న ఆమె వేగాన్ని గమనించిన స్థానిక కోచ్‌ ఫుట్‌బాల్‌ వైపు మళ్లించారు. వయో విభాగాల జాతీయ జట్లలో ఆడి, గోకులం కేరళ క్లబ్‌లో చేరిన ఆమె, 2022లో క్రొయేషియాకు చెందిన డైనమో జాగ్రెబ్‌ మహిళా క్లబ్‌తో ఒప్పందం కుదుర్చుకున్నారు. అనంతరం ఈస్ట్‌ బెంగాల్‌ తరఫున 2024-25 సీజన్‌లో ఇండియన్‌ విమెన్స్‌ లీగ్‌ టైటిల్‌ గెలిచారు. అదే సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్‌ సమాఖ్య ఆమెను ఉత్తమ మహిళా క్రీడాకారిణిగా ఎంపిక చేసింది. అయితే ఈ ప్రయాణంలో ఆమె సొంత రాష్ట్రం దాటి కేరళ, కోల్‌కతా క్లబ్‌లను ఆశ్రయించాల్సి రావడం గమనార్హం.

ఆనాడు ఉద్యోగమే అండ
ఒకప్పుడు పరిస్థితి ఇలా లేదు. హైదరాబాద్‌ సిటీ పోలీస్‌ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్‌ కప్‌ గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన ఎస్‌.ఎ.రహీం శిక్షణలోనే భారత్‌ 1956 మెల్‌బోర్న్‌ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. నాడు జట్టులో చోటు దక్కితే ఉద్యోగం కూడా దక్కేది. ఆట ముగిసినా జీతం ఆగేది కాదు. నేటి క్లబ్‌ ఒప్పందాలకు ఆ భరోసా లేదు.

తెగిన మెట్లు
కుర్రాళ్లకు సీనియర్‌ స్థాయి అనుభవం ఇచ్చేందుకు జాతీయ సమాఖ్య 2010లో ఇండియన్‌ యారోస్‌ పేరిట ప్రత్యేక జట్టును ఏర్పాటు చేసింది. అక్కడి నుంచి 2020లో హైదరాబాద్‌ ఎఫ్‌సీకి వచ్చిన ఆకాష్‌ మిశ్రా రెండేళ్లలోనే ఐఎస్‌ఎల్‌ విజేత జట్టులో సభ్యుడయ్యాడు. 2022లో యారోస్‌ను రద్దు చేశారు. అదే ఏడాది ఐఎస్‌ఎల్‌ టైటిల్‌ గెలిచిన హైదరాబాద్‌ క్లబ్‌ సైతం 2025లో ఢిల్లీకి తరలిపోయింది. అనంతపురంలో ఆర్డీటీ క్రీడాగ్రామం వంటి వేదికలు పిల్లలకు బంతి అందించినా, పై మెట్టు ఎక్కాలంటే రైలు ఎక్కక తప్పదు.

పొరుగు జిల్లా చెప్పే పాఠం
క్రికెట్‌లో ఇందుకు భిన్నమైన దృశ్యం కనిపిస్తుంది. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలం ఎర్రమల్లెకు చెందిన శ్రీచరణిని 2024 డిసెంబరు వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్‌ రూ.55 లక్షలకు తీసుకుంది. 2025 ఏప్రిల్‌లో ఆమె భారత జట్టులోకి వచ్చారు. అదే ఏడాది ప్రపంచకప్‌లో 14 వికెట్లు తీసి విజయంలో కీలకపాత్ర పోషించారు. జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు, లీగ్‌, దేశం.. ఒక మెట్టుపై మరో మెట్టు ఉండటంతో ప్రతిభ మధ్యలో ఆగలేదు. ఫుట్‌బాల్‌లో కొరవడింది ప్రతిభ కాదు, ఈ మెట్లే.

సంతకానికి ముందు..
దారి ఇరుకైన చోటే దళారులు పుట్టుకొస్తారు. అందుకే తల్లిదండ్రులు కొన్ని నిబంధనలు గుర్తుంచుకోవాలి.
* 18 ఏళ్లలోపు క్రీడాకారుడిని విదేశీ క్లబ్‌కు బదిలీ చేయడాన్ని అంతర్జాతీయ సమాఖ్య ఫిఫా నిషేధించింది. మినహాయింపులు బహు స్వల్పం. పదిహేనేళ్ల బాలుడిని యూరప్‌ క్లబ్‌లో చేర్పిస్తామని సొమ్ము అడిగితే అనుమానించాల్సిందే.
* 18 ఏళ్లలోపు వారితో చేసుకునే వృత్తిపరమైన ఒప్పందం మూడేళ్లకు మించరాదు.
* ఏజెంటుకు ఫిఫా లైసెన్సు ఉండాలి. మైనర్ల విషయంలో సంరక్షకుల లిఖితపూర్వక అంగీకారం తప్పనిసరి.
* ఏయే సంవత్సరాల్లో ఏ క్లబ్‌లో శిక్షణ పొందాడో నమోదై ఉందా, లేదా చూసుకోవాలి. ఒప్పంద కాలం మధ్యలో ఆటగాడు విదేశీ క్లబ్‌కు బదిలీ అయితే, ఆ రుసుములో 5 శాతాన్ని 12 నుంచి 23 ఏళ్ల మధ్య శిక్షణ ఇచ్చిన క్లబ్‌లకు పంచుతారు. కోటి రూపాయల బదిలీ అయితే ఆ వాటా రూ.5 లక్షలు. 12 నుంచి 15 ఏళ్ల వరకు నాలుగేళ్లు తీర్చిదిద్దిన చిన్న క్లబ్‌కు అందులో రూ.లక్ష దక్కుతుంది. నమోదు లేకుంటే ఆ హక్కు రుజువు చేసుకోవడం కష్టం.

చదువే రక్షణ కవచం
అకాడమీలో చేరిన వారిలో సీనియర్‌ జట్టుకు చేరేది కొందరే. మోకాలి గాయం ఒక్కటి చాలు, ఏళ్ల శ్రమ వృథా కావడానికి. అందువల్ల అకాడమీని ఎంచుకునేటప్పుడు మైదానం ఎంత పచ్చగా ఉందన్న దానికన్నా, పిల్లలు బడికి వెళుతున్నారా, పరీక్షలు రాస్తున్నారా, గాయపడితే వైద్యం ఎవరు చేయిస్తారు అన్నవి ముందుగా అడగాలి. జట్టులో చోటు దక్కితే సంతోషం. దక్కకపోయినా బిడ్డ చేతిలో పదో తరగతి, ఇంటర్‌ ధ్రువపత్రాలు ఉంటే తిరిగి వచ్చి రాళ్లు మోయాల్సిన అగత్యం ఉండదు.