వస్‌వాసు – ఆలోచనా చికిత్స

వుజూ పూర్తిచేసి లేచిన మనిషికి మోచేయి తడిసిందో లేదోనన్న శంక కలుగుతుంది. తిరిగి కడుగుతాడు. మనసు కుదుటపడుతుంది, కాని కొద్దిసేపే. మళ్ళీ అదే శంక. ఇలా జమాఅతు తప్పిపోయేదాకా నీళ్ళ దగ్గరే నిలిచిపోయేవారున్నారు. వారిని చూసి భక్తి ఎక్కువని మెచ్చుకునేవారూ ఉన్నారు, ఈమాను తక్కువని గద్దించేవారూ ఉన్నారు. రెండూ సరికావు. పూర్వులు దీనిని వస్‌వాసు అన్నారు. నేటి వైద్యులు దీని తీవ్రరూపాన్ని మానసిక వ్యాధిగా గుర్తించారు.

హిజ్రీ 322 (క్రీ.శ. 934)లో మరణించిన అబూ జైద్ అల్ బల్ఖీ, దేహాల, ఆత్మల శ్రేయస్సును గురించి అరబీలో ఒక గ్రంథం రచించారు. ఆత్మను బాధించేవాటిలో కోపం, భయం, దుఃఖాలతోపాటు వస్‌వాసునూ చేర్చారు. దేహం కోసం మందులు ముందుగా దాచుకున్నట్లే, మనసు నెమ్మదిగా ఉన్న వేళ మంచి ఆలోచనలను కూడబెట్టుకొని ఆపద్వేళ వాడుకోవాలన్నది ఆయన సలహా. వస్‌వాసు గలవారిని ఏకాంతానికీ, సోమరితనానికీ దూరంగా ఉండమన్నారు. మాలిక్ బద్రీ ఈ గ్రంథంలోని మనోభాగాన్ని ఆంగ్లంలోకి అనువదించి 2013లో వెలువరించారు.

ఇక ఆధునికుల మాట. 1960లలో అమెరికాలో ఆరన్ బెక్, కుంగుబాటు రోగులలో తమంతట తామే తలెత్తే ఆలోచనలను రోగిచేతనే పరీక్షింపజేసే పద్ధతిని రూపొందించారు. దీని శాస్త్రీయ నామం సంజ్ఞాన ప్రవర్తనా చికిత్స. మాబోటి అనువాదకులకే నోరు తిరగని మాట; ఆలోచనా చికిత్స అంటే చాలు.

వస్‌వాసులో కీలకం శంక కాదు, శంకలు అందరికీ వస్తాయి. "అనుమానం వచ్చిందంటే వుజూ చెడినట్లే" అన్న రోగి నమ్మకమే కీలకం. కడిగినప్పుడల్లా ఆందోళన తగ్గుతుంది గనుక, కడగడం వల్లనే గండం గడిచిందని మనసు నేర్చుకుంటుంది. కాబట్టి చికిత్సలో రోగి ఒక్కసారే వుజూ చేసి, శంక ఉండగానే నమాజుకు నిలబడాలి. మొదట ఆందోళన పెరుగుతుంది. కడగకుండా ఓర్చుకుంటే కొంతసేపటికి దానంతటదే తగ్గుతుంది. పదే పదే సాధన చేస్తే శంక బలం క్షీణిస్తుంది. 1966లో విక్టర్ మేయర్ ఈ మార్గాన్ని ప్రచురించారు. వ్యాధి ముదిరితే మందులూ అవసరమవుతాయి.

నిశ్చయం సందేహంతో తొలగదన్న ఫిఖహ్ సూత్రం దీనికి చక్కగా తోడ్పడుతుంది. అయితే ఒక చిక్కున్నది. రోగి ఆ సూత్రాన్నే పట్టుకొని "నా వుజూ నిలిచినట్లేనా?" అని ఇమాము గారిని రోజూ అడగసాగుతాడు. అడగడమూ కడగడం వంటిదే అవుతుంది. ఇమాము గారు ఒకసారి స్పష్టంగా జవాబు చెప్పి, మరునాడు అదే ప్రశ్న వస్తే తిరిగి జవాబివ్వక, ప్రేమతో వైద్యుని వద్దకు పంపడం మేలు.