షెడ్డు తలుపు తెరిచి ఉంటే.. ఇంటికి ముప్పు

వాహనాలకూ గదులకూ మధ్య తనంతట తానే మూసుకునే తలుపు అవసరం
గడప, బందులు, గడియ.. మూడింటిపైనా శ్రద్ధ పెట్టాలి

ముత్తుకూరు: నెల్లూరు తీరప్రాంతంలో ఇళ్ల రూపురేఖలు మారిపోయాయి. ఒకప్పుడు వసారాలో సైకిలు, దొడ్లో ఎడ్లబండి కనిపించేవి. ఇప్పుడు ఇంటికి ఆనుకునే షెడ్డు గానీ, కింది అంతస్తులో పార్కింగ్ గానీ ఉంటోంది. ముత్తుకూరు, ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు, అల్లూరు మండలాల్లో రొయ్యల గుంటలు సాగుచేసే కుటుంబాలకు ఆ షెడ్డే గోదాము కూడా. కారు, మోటారు సైకిళ్లు, జనరేటరు, డీజిల్ డబ్బాలు, బ్లీచింగ్ పౌడర్ బస్తాలు అన్నీ అక్కడే చేరతాయి. అక్కడినుంచి వంటగదిలోకో, హాల్లోకో ఒక తలుపు ఉంటుంది. రాకపోకలకు వీలుగా ఉంటుందని ఆ తలుపునకు రాయి అడ్డుపెట్టి రోజంతా తెరిచే ఉంచుతున్నారు. వీధి తలుపునకు రెండు తాళాలు వేసేవారు సైతం ఈ తలుపును పట్టించుకోరు. అగ్నిప్రమాదం జరిగినప్పుడు మాత్రం ఇంటిల్లిపాదినీ కాపాడేది ఆ తలుపే.

చేదు అనుభవాలెన్నో..

వాహనాలు, ఇంధనం, రసాయనాలు ఉన్నచోట పుట్టిన మంట నివాసాల్లోకి పాకితే ఏమవుతుందో తెలుగువారికి తెలియనిది కాదు. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన విద్యుత్తు స్కూటరు బ్యాటరీ తెల్లవారుజామున పేలింది. ఒకరు మరణించగా, కుటుంబసభ్యులు గాయపడ్డారు. అదే ఏడాది సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో విద్యుత్తు ద్విచక్ర వాహనాల షోరూంలో మంటలు రేగాయి. ఆ పొగ పైఅంతస్తుల్లోని హోటల్‌ను కమ్మేయడంతో 8 మంది మృతిచెందారు. 2023 నవంబరు 13న హైదరాబాద్ నాంపల్లి పరిధిలోని బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది అంతస్తులో నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములు అంటుకున్నాయి. ఆ రోజే 9 మంది ప్రాణాలు కోల్పోయారు.

ఈ దుర్ఘటనలకు కారణాలు వేరువేరు. సికింద్రాబాద్, నాంపల్లి ఘటనల్లో మాత్రం ఒక పోలిక ఉంది. మంట పుట్టింది కింద, ప్రాణాలు పోయింది పైన. మెట్లదారే పొగగొట్టంగా మారింది. ఇలాంటి ప్రమాదాల్లో మంటకంటే ముందు పొగే మనిషిని చేరుతుంది. నిద్రలో ఉన్నవారు లేచేసరికే స్పృహ తప్పుతుంది. ఆ పొగకు అడ్డుకట్ట వేసి, బయటపడేందుకు కొన్ని నిమిషాల వ్యవధి ఇవ్వడమే మధ్యనున్న తలుపు చేసే పని.

కంటికి కనిపించని శత్రువులు

షెడ్డులోని ప్రమాదం మంట ఒక్కటే కాదు. పెట్రోలు సున్నా డిగ్రీలకంటే ఎంతో తక్కువ ఉష్ణోగ్రతలోనే ఆవిరవుతుంది. ఆ ఆవిరి గాలికంటే మూడు నాలుగు రెట్లు బరువైనది. అందువల్ల పైకి లేవకుండా నీటిమాదిరిగా నేలమీదనే పాకుతుంది. తలుపు తెరిచి ఉంటే ఇంట్లోకి జారి, పూజగదిలో దీపాన్నో, మంచం కింద వెలిగించిన దోమల బత్తినో అందుకుంటుంది. డీజిల్ అంత తొందరగా అంటుకోదన్న ధీమా కూడా పనికిరాదు. డీజిల్ అంటుకునేంతగా ఆవిరయ్యేందుకు ప్రమాణాల్లో నిర్దేశించిన కనీస ఉష్ణోగ్రత 35 డిగ్రీలు. వేసవిలో 40 డిగ్రీలు దాటే నెల్లూరు ఎండల్లో రేకుల షెడ్డు లోపల అంతకుమించే ఉంటుంది.

తుపాను రోజుల్లో కరెంటు పోతే జనరేటరు వేయడం తీరప్రాంతంలో మామూలే. దాని పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌ను ఇది ప్రాణవాయువుకంటే 200 రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. తలనొప్పి, వాంతులు, మగత వచ్చి మనిషి నిద్రలోనే పోయే ప్రమాదముంది. ఎంత మంచి తలుపైనా ఈ వాయువును పూర్తిగా ఆపలేదు. కాబట్టి వర్షం కురుస్తున్నా జనరేటరును షెడ్డులో నడపరాదు. తలుపులు, కిటికీలకు దూరంగా ఆరుబయట, తడవకుండా పైకప్పు మాత్రం ఉన్నచోట ఉంచాలి.

బ్లీచింగ్ పౌడర్‌ను ఇంధనం పక్కన నిల్వ చేయడం మరో పొరపాటు. ఇంధనం, నూనెలు, బ్రేక్ ఆయిల్ వంటివి తగిలితే అది వేడెక్కి మంట రేపగలదు. దాన్ని పొడిగా ఉండే వేరే గదిలో ఉంచాలి. పెట్రోలు విషయానికొస్తే, లైసెన్సు లేకుండా సొంత అవసరాలకు 30 లీటర్లకు మించి నిల్వ చేయడాన్ని 1934 నాటి పెట్రోలియం చట్టం అనుమతించదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

వాహనాల గదిని ఇంటికి కలిపి కట్టే అలవాటు అమెరికాలో ఎక్కువ. అక్కడ పలు రాష్ట్రాలు అనుసరించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ఈ తలుపు విషయంలో స్పష్టంగా ఉంది. తలుపు కనీసం 35 మిల్లీమీటర్ల మందంతో గట్టి చెక్కదో, ఉక్కుదో అయి ఉండాలి. లేదా 20 నిమిషాలపాటు మంటను తట్టుకునేదిగా ధ్రువీకరణ పొంది ఉండాలి. తనంతట తానే మూసుకోవాలి. వాహనాల గది నుంచి పడకగదిలోకి నేరుగా ద్వారం ఉండకూడదు.

మన దేశంలో 2016 నాటి జాతీయ భవన నిర్మాణ నియమావళి ఎత్తయిన భవనాల్లో మెట్లదారికి, లిఫ్టు లాబీకి 120 నిమిషాలు మంటను తట్టుకునే తలుపులు ఉండాలని చెబుతోంది. సొంత ఇళ్లకు అంత కట్టుదిట్టం అక్కర్లేకున్నా, అందులోని సూత్రం మాత్రం ప్రతి ఇంటికీ వర్తిస్తుంది.

తలుపు ఎలా ఉండాలి?

టేకు, వేప వంటి గట్టి కలపతో చేసిన తలుపు, లేదా లోపల గుల్ల లేకుండా నిండుగా చెక్క ఉండే ఫ్లష్ డోరు ఇందుకు తగినవి. మందం 35 మిల్లీమీటర్లకు తగ్గరాదు. పీవీసీ తలుపులు, గుల్లగా ఉండే పలుచని ప్లైవుడ్ తలుపులు, మామూలు అద్దాలు బిగించినవి మంట ముందు నిలవవు. స్నానాలగదికి వాడే తలుపును చవకగా వస్తుందని ఇక్కడ బిగించడం తగదు.

మన ఇళ్లలో ద్వారంపైన గాలికోసం వెంటిలేటర్ వదలడం ఆనవాయితీ. వాహనాల షెడ్డు వైపు మాత్రం దీన్ని ఇటుకతో మూసివేయాలి. వెంటిలేటర్ తెరిచి ఉంటే కింద తలుపు వేసినా పొగ ఆగదు. ఏసీ పైపులు, కరెంటు తీగల కోసం గోడకు వేసిన రంధ్రాలను సిమెంటుతో పూడ్చాలి. షెడ్డుకు గాలి కావాలంటే బయటి గోడకే కిటికీలు పెట్టుకోవాలి.

గడపను వదలొద్దు

పసుపు రాసి బొట్టు పెట్టే గడపకు ఇక్కడ మరో ప్రయోజనం ఉంది. నేలమీద పాకే పెట్రోలు ఆవిరిని అది నిలువరిస్తుంది. టైల్స్ పరిచిన కొత్త ఇళ్లలో నేల సమంగా ఉండాలని పార్కింగ్ వైపు గడపను తీసేస్తున్నారు. షెడ్డు నేల ఇంటి నేలకంటే కనీసం నాలుగు అంగుళాలు కిందికి ఉంటే మంచిది. అలా వీలుకానిచోట గడప తప్పనిసరి. వృద్ధులు, చక్రాల కుర్చీ వాడేవారు ఉంటే షెడ్డు వైపు వాలు కట్టుకోవచ్చు. షెడ్డు నేల వాలు కూడా ఇంటివైపు కాకుండా వీధివైపు ఉండేలా చూడాలి.

తనంతట తానే మూసుకునేలా..

తలుపు దానంతటదే మూసుకునేందుకు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి.

స్ప్రింగ్ బందులు: ఖర్చు తక్కువ. మామూలు బందుల స్థానంలో బిగించవచ్చు. తలుపునకు కనీసం రెండు ఉండాలి. బిగువు ఎక్కువైతే తలుపు దబ్బున పడి పిల్లల వేళ్లు నలిగే ప్రమాదముంది. బిగువును కొద్దికొద్దిగా పెంచుతూ సరిచూసుకోవాలి.

హైడ్రాలిక్ డోర్ క్లోజర్: బ్యాంకులు, ఆసుపత్రుల్లో తలుపుపైన కనిపించే పరికరం ఇదే. లోపలి నూనె ఒత్తిడితో తలుపును మెల్లగా మూస్తుంది. దీనికి సాధారణంగా రెండు మరలు ఉంటాయి. ఒకటి తలుపు తిరిగే వేగాన్ని, రెండోది చివర్లో గడియపడే వేగాన్ని నియంత్రిస్తాయి. తలుపు బరువు, వెడల్పులకు తగిన సైజు ఎంచుకోవాలి. వృద్ధులు, పిల్లలు ఉన్న ఇళ్లకు ఇదే అనువు.

పైకిలేచే బందులు: తెరిచినప్పుడు తలుపు కొద్దిగా పైకి లేచి, వదలగానే సొంత బరువుతో దిగి మూసుకుంటుంది. ఇందులో స్ప్రింగు, నూనె ఉండవు. అయితే తలుపు పైఅంచును కొద్దిగా చెక్కాల్సి ఉంటుంది.

నేలలో పాతే ఫ్లోర్ స్ప్రింగులు వర్షపు నీరు చేరే తీరప్రాంత షెడ్లకు అనుకూలం కావు.

మూసుకుంటే చాలదు, గడియ కూడా పడాలి. గడియ పడని తలుపును గాలివిసురో, మంట ఒత్తిడో తిరిగి తోసేస్తుంది. అందుకని దానంతటదే పడే స్ప్రింగు నాలుక ఉన్న తాళం బిగించుకోవాలి. దొంగల భయంతో లోపలివైపు తాళంకప్ప వేయడం మరో ప్రమాదాన్ని కొనితెచ్చుకోవడమే. బయటినుంచి తాళంచెవి అవసరమైనా, ఇంటి లోపలినుంచి పిడి తిప్పగానే తెరుచుకోవాలి.

ఉప్పుగాలితో జాగ్రత్త

సముద్రపు గాలికి ఇనుప బందులు, స్ప్రింగులు త్వరగా తుప్పుపడతాయి. తుప్పుపట్టిన స్ప్రింగు తలుపును సగంలోనే వదిలేస్తుంది. ఇత్తడి లేదా 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు బందులు ఎక్కువకాలం మన్నుతాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమకు చెక్క ఉబ్బి తలుపు గుమ్మానికి పట్టేస్తుంది. చాలామంది అప్పుడే దాన్ని తెరిచి వదిలేస్తారు. తలుపు ముందువెనకలకే కాక పైఅంచుకూ, కిందిఅంచుకూ రంగు వేయిస్తే తేమ పీల్చదు. అప్పటికీ పట్టేస్తే వడ్రంగితో అంచు చిత్రిక పట్టించాలి. తలుపునకు, గుమ్మానికి మధ్య మూడు మిల్లీమీటర్లకు మించి సందు లేకుండా చూసుకోవాలి.

నెలకోసారి పరీక్ష

తలుపును పూర్తిగా తెరిచి వదలాలి. ఐదు నుంచి ఏడు సెకన్లలో మూసుకుని గడియ పడాలి. తర్వాత జానెడు మాత్రమే తెరిచి వదిలి చూడాలి. ఎక్కువ తలుపులు విఫలమయ్యేది ఈ రెండో పరీక్షలోనే. రాత్రివేళ షెడ్డులో దీపం వేసి, ఇంట్లో దీపాలు ఆర్పితే వెలుతురు వచ్చే సందులు బయటపడతాయి. సందులు వెతకడానికి అగ్గిపుల్ల, అగరువత్తి వెలిగించరాదు. డోర్ క్లోజర్ నుంచి నూనె కారుతుంటే మార్చాల్సిందే. అన్నిటికన్నా ముందు, అడ్డుపెట్టే రాయిని, ఇటుకను అక్కడినుంచి తీసేయాలి.

విద్యుత్తు స్కూటర్ల బ్యాటరీలకు కేంద్రం కఠినతరం చేసిన భద్రతా ప్రమాణాలు 2022 డిసెంబరు నుంచి రెండు దశల్లో అమల్లోకి వచ్చాయి. అంతకుముందు కొన్నవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. అందరూ నిద్రపోయే వేళ, మెట్లకింద, ఈ తలుపు ఎదుట ఛార్జింగ్ పెట్టరాదు. షెడ్డులో, హాల్లో ఒక్కో పొగ హెచ్చరిక పరికరం ఉంటే తలుపు ఇచ్చే వ్యవధి వృథా కాదు.

మంట రేగితే..

షెడ్డులో పొగ కనిపిస్తే వాహనాన్ని కాపాడుకోవాలని తలుపు తెరవరాదు. చేతి వెనుకభాగంతో తలుపును తాకి చూడాలి. వేడిగా ఉంటే మూసే ఉంచి, కిందిసందులో తడిగుడ్డ కుక్కి, మరో దారిన అందరూ బయటికి రావాలి. బయటికి వచ్చాకే అగ్నిమాపక కేంద్రానికి 101కు గానీ, 112కు గానీ ఫోన్ చేయాలి. వాహనం కాలిపోతే మరొకటి కొనుక్కోవచ్చు. తలుపు అవతల నిద్రపోతున్నవారి ప్రాణాలను మాత్రం ఏ బీమా తిరిగి తేలేదు.