గుడారపు యాత్రలకు మొదటి ఫోర్‌వీల్ బండి

ఈ పత్రికయందు మేము సాధారణముగా విత్తనములను గుఱించియు, ఎరువులను గుఱించియు, నాగళ్లను గుఱించియు వ్రాయుచుందుము. ఈ మాసమున కొంచెము దారి మార్చుచున్నాము. గడచిన సంక్రాంతి మొదలుకొని మన సంఘసభ్యులలో నలుగురైదుగురు తమ కుమారులను వెంటబెట్టుకొని వచ్చి మమ్ము ఒకే ప్రశ్న అడిగియున్నారు. సెలవు దినములలో గుడారము వేసికొని కొండలలోను ఏటి యొడ్డులందును రెండు రాత్రులు గడపి రావలె నని పిల్లల కోరిక. అందులకు బాట లేనిచోట గూడ నడచు బండి కావలెనట. ఏది కొనవలె నని ప్రశ్న.

సేద్యపు పద్ధతులు చూపువారి కీ బండ్ల గొడవ యేల యని కొందఱు నవ్వవచ్చును. కాని ఇది పది పదిహేను లక్షల రూపాయల వ్యవహారము. పంట అమ్మిన సొమ్ముతోనో, అప్పు తెచ్చియో కొనునట్టిది. పైగా ఈ విషయమున మేము స్వయముగా బురదలో కూర్చున్నవారము. ఆ కథ మొదట చెప్పుట న్యాయము.

మూడేండ్ల క్రిందట మా మిత్రు డొకడు ఒక పాత జీపును కొనెను. అమ్మినవాడు దానిని ఫోర్‌వీల్ బండి యని చెప్పి, గేరుకఱ్ఱ ప్రక్కనున్న రెండవ కఱ్ఱను కూడ చూపెను. మేమును వెంట నుంటిమి. ఇంజను చప్పుడు విన్నాము, రంగు చూచినాము, సీట్లు తట్టినాము. క్రిందికి వంగి చూచినవారము కాము. ఆ కార్తికమాసమున పిల్లలతో కూడ గండికోటకు బయలుదేఱి, పెన్నానది లోయ యంచున గుడారము వేయవలె నని కోయిలకుంట్ల మీదుగా పోవుచు, దగ్గఱదారి యని ఒక పొలముల డొంకలో దిగితిమి. ముందటి రాత్రి వాన కురిసియుండెను. నల్లరేగడి. నూఱు గజములు పోకమునుపే వెనుక చక్రములు రెండును ఇరుసు దాక కూరుకొనిపోయెను. మిత్రుడు ధైర్యముగా రెండవ కఱ్ఱను లాగెను. వెనుక చక్రములు గిఱగిఱ తిరిగి బురద చిమ్మెను. ముందరి చక్రములు కదలలేదు. ప్రొద్దు క్రుంకెను. పిల్లలు ఆకలి యనిరి. రొట్టెలు గుడారపు సంచి క్రింద నలిగి పొడియై యుండెను.

చీకటి పడిన పిమ్మట ఒక రైతు ట్రాక్టరుతో వచ్చి, టార్చి వేసి బండి క్రింద చూచి, "సామీ, ముందర షాఫ్టే లేదు గదా! దీన్ని ఫోర్‌వీలని మీకెవరు చెప్పినారు?" అని అడిగెను. మునుపటి యజమాని డీజిలు కలిసివచ్చు నని కాబోలు, ముందరి ఇరుసునకు శక్తిని తీసికొనిపోవు ప్రొపెల్లరు షాఫ్టును విప్పి తీసివేసియుండెను. రెండవ కఱ్ఱ మాత్రము అలంకారముగా మిగిలియుండెను. ఏడాది పొడుగున రైతులకు నేలను గుఱించి పాఠములు చెప్పు మేము ఆ రాత్రి వారి యింటనే అన్నము తిని పండుకొంటిమి.

కావున ఏ బండి యను ప్రశ్నకు ముందు, ఫోర్‌వీల్ బండి యనగా నేమో తెలిసికొనవలయును. ఇంజనునుండి వచ్చు శక్తి బండి నడుమనున్న ట్రాన్స్‌ఫర్ కేసను పెట్టెలో రెండు పాయలుగా చీలును. ఒక షాఫ్టు వెనుక ఇరుసునకును, ఒకటి ముందరి ఇరుసునకును పోవును. ఆ పెట్టెలోనే మఱియొక గేరు జత కలదు. దానిని లో రేంజి యందురు; 4ఎల్ అని గుఱుతు వేయుదురు. అందు వేసినప్పుడు చక్రములు నెమ్మదిగా తిరుగును, బలము హెచ్చును. జిమ్నీలో ఇంచుమించు రెట్టింపు, థార్‌లో ఇంచుమించు రెండున్నర రెట్లు. బరువుతో రాళ్ల దారి నెక్కుటకు ఇది యవసరము. దిగుటకు మఱియు నవసరము. నిటారు దిగుడున బ్రేకు నొక్కిన బండి జాఱును. లో రేంజిలో మొదటి గేరు వేసి కాళ్లు తీసివేసినచో, ఇంజనే పగ్గము పట్టినట్లు పట్టి మెల్లగా దింపును. మా యభిప్రాయమున లో రేంజి లేని బండిని కొండదారులకు కొనరాదు.

నాలుగు చక్రములకు శక్తి వచ్చినంత మాత్రమున నాలుగును లాగునని భ్రమపడరాదు. ఇరుసు నడుమ డిఫరెన్షియల్ ఉండును. మలుపులలో లోపలి చక్రము తక్కువగాను, వెలుపలి చక్రము ఎక్కువగాను తిరుగుటకు అది యవసరమే. కాని ఒక చక్రము గాలిలోనికి లేచినను, బురదలో జాఱినను, మడవ తెగినచోటికే నీరు పాఱునట్లు తిరుగుడంతయు ఆ చక్రమునకే పోవును; గట్టినేలపై నున్న చక్రము ఊరకుండును. దీనికి మందు రెండు విధములు. జాఱు చక్రమును బ్రేకు తానే పట్టుకొని రెండవదానికి బలము మరల్చు ఏర్పాటొకటి. ఇది జిమ్నీలో కలదు. రెండు చక్రములను ఒకటిగా బిగించివేయు లాకు మఱియొకటి. ఫోర్స్ వారి గూర్ఖాలో ముందరి ఇరుసునకును వెనుక ఇరుసునకును ఇట్టి లాకులు కలవు.

ఇంకొక మాట. ఈ బండ్లను ఎండిన తారురోడ్డు మీద ఫోర్‌వీల్‌లో వేసి నడుపరాదు. మలుపులో ముందరి చక్రములు వెనుక వానికంటె ఎక్కువ దూరము పోవును. ఆ తేడాను సర్దు పరికరము నడుమ లేదు గనుక షాఫ్టులు మెలిపడి గేర్లు అఱుగును. మట్టిమీద చక్రములు కొంచెము జాఱి ఆ తేడాను సర్దుకొనును.

ఈ జాతి బండ్ల పుట్టుక మన సభ్యులకు కొంత తెలిసినదే. 1941లో అమెరికా సైన్యమునకై విల్లీస్ జీపు తయారైనది. 1947లో మహీంద్రా వారు బొంబాయిలో ఆ జీపులను కూర్చుట ప్రారంభించిరి. 1985లో మారుతి వారు జిప్సీని తెచ్చిరి. జపానులో 1970లో పుట్టిన సుజుకీ జిమ్నీ కుటుంబములోనిదే యీ జిప్సీ. థార్ 2010లో వచ్చి 2020లో క్రొత్తరూపు దాల్చెను.

ఇక్కడ ఒక చిక్కు కలదు. 2023 జనవరిలో వెనుక చక్రములు మాత్రమే తిరుగు థార్ కూడ అమ్మకమునకు వచ్చినది. వెల తక్కువ; ముఖము అదే. 2024 ఆగస్టులో అయిదు తలుపుల థార్ రాక్స్ వచ్చినప్పుడు పెట్రోలు రకములలో ఫోర్‌వీల్ లేనే లేదు. డీజిలులో కొన్నిటికి మాత్రమే ఇచ్చిరి. ఎత్తుగాను, వెడల్పుగాను ఉండి అడవిరాజువలె కనబడు నగరపు బండ్లనేకము ముందరి చక్రములతోనే నడచునవి. కావున పేరును చూచి, బొమ్మను చూచి బయానా ఇయ్యరాదు. లోపల కూర్చుండి 4ఎల్ అను గుఱుతు ఎక్కడ నున్నదో చూపు మనవలయును.

ఏది కొనవలె నను ప్రశ్నకు మా సమాధానము, మొదటి బండి తేలికగా నుండవలె నని. జిమ్నీ 2023 జూనులో 12.74 లక్షల వెలతో మొదలై వచ్చినది. అన్ని రకములును ఫోర్‌వీలే. ఇంచుమించు 1,200 కిలోల బరువు. థార్ దానికంటె నాలుగైదు వందల కిలోలు అధికము. గూర్ఖా మఱియు బరువు. తేలికబండి మెత్తనేలలో తక్కువగా దిగబడును. దిగబడినను నలుగురు మనుష్యులు త్రోయగలరు. క్రొత్తగా నేర్చువానికి ఇంతకంటె మేలు మఱొకటి లేదు. ఇంజనులో బలము విస్తారముగా నున్నచో నేర్పులేనివాడు చక్రములను వేగముగా త్రిప్పి గోయి త్రవ్వుకొనును.

జిమ్నీకి లోపములు లేకపోలేదు. పెద్దరోడ్డు మీద లారీని దాటుటకు కొంత ఓపిక కావలయును. వెనుక సీట్లలో మనుష్యులు కూర్చున్నచో సామాను స్థలము 208 లీటర్లే. భార్యాభర్తలకు గాని, ఇద్దఱు మిత్రులకు గాని సరిపోవును. పిల్లలు, అవ్వ, వంటసామగ్రి అందఱును రావలె నన్నచో డీజిలు ఫోర్‌వీల్ రాక్స్‌నో, అయిదు తలుపుల గూర్ఖానో చూడవలయును. అయితే పొడవైన బండికి గట్టు దాటునప్పుడు పొట్ట తగులును. ముందరి ఇరుసునకును వెనుక ఇరుసునకును నడుమ దూరము మూడు తలుపుల థార్‌లో 2,450 మిల్లీమీటర్లు, జిమ్నీలో 2,590, రాక్స్‌లో 2,850. అమ్మువారు నేలనుండి ఎత్తును మాత్రము గొప్పగా చెప్పుదురు. థార్‌కు 226 మిల్లీమీటర్లు, జిమ్నీకి 210. ఈ తేడా బొటనవ్రేలి వెడల్పు కూడ కాదు. పొలముగట్టు నడుమ చిక్కుకొనువాడు ఇరుసుల నడిమి దూరమును మఱచినవాడే.

ఇప్పుడు మాకు తెలిసిన విద్యకు, అనగా నేలకు, వచ్చుచున్నాము. నల్లరేగడిలో నుబ్బునట్టి బంకమన్ను కలదు. ఎండకాలమున చేయి పట్టునంత బీటలు పాఱును. తడిసినప్పుడు ఉబ్బి మైనమువలె నంటుకొనును. టైరు పదిసారులు తిరుగునంతలో దాని గాడులన్నియు మన్నుతో నిండి, నున్నని దిమ్మ యగును. ఏ టైరైనను ఇంతే. తడిసిన రేగడి డొంకకు తగిన బండి యేదని అడిగిన సభ్యునకు, రెండుదినముల యెండ యని మేము చెప్పితిమి. ఎఱ్ఱచల్క అట్లు కాదు. నీరు త్వరగా ఇంకిపోవును, వాన వెలిసిన కొంతసేపటికే దారి యిచ్చును.

ఏటి ఇసుకలో టైరు గాలి తగ్గించుటయే మంత్రము. రోడ్డు మీద 30 పౌండ్లుండు గాలిని 18 దాక దించినచో టైరు చప్పిడియై వెడల్పుగా పఱచుకొని ఇసుకపై తేలును. అట్లు నడుపునప్పుడు వేగముగా పోరాదు, చటుక్కున త్రిప్పరాదు. తిరిగి రోడ్డెక్కకమునుపే గాలి నింపవలయును. గాలి కొలుచు మీటరును, బండి బ్యాటరీతో నడచు చిన్న పంపును కొన్న తరువాతనే తక్కిన సొగసులకు సొమ్ము వెచ్చింపవలయును. టైర్లలో రోడ్డుకును మట్టికిని పనికివచ్చు ఆల్ టెరైన్ రకము మొదటి బండికి చాలును. పెద్దపెద్ద గాడులుగల మడ్ టైర్లు రోడ్డుమీద రొద చేయును, తడిసిన తారుపై జాఱును.

మారేడుమిల్లి వంటి తూర్పుకనుమల దారులలో వాగులు దాటవలసియుండును. థార్ 650 మిల్లీమీటర్ల నీటిలోను, గూర్ఖా 700 మిల్లీమీటర్ల నీటిలోను నడచు నని తయారుచేసినవారి లెక్క. అది నిలుకడ నీటి లెక్క యని మనసున నుంచుకొనవలయును. మోకాటి లోతున ఉధృతముగా పాఱు నీరు బండిని ప్రక్కకు నెట్టగలదు. ఎగువన ఎక్కడనో వాన కురిసినచో ఎండకాయుచుండగానే వాగు పొంగును. కఱ్ఱ చేతబట్టి ముందుగా నడచి చూడవలయును. మనుష్యుడు నడవలేనిచోట బండిని దింపరాదు. అదేరీతిని ఏటి ఇసుకలో, నీటి యంచున గుడారము వేయరాదు.

బరువును గుఱించి: ఇరువది లీటర్ల నీటిడబ్బా ఇరువది కిలోలు. అట్టివి రెండు, గుడారము, పరుపులు, పొయ్యి, గ్యాసు, పార, త్రాడు, నలుగురు మనుష్యులు కలిసి నాలుగువందల కిలోలకు దరిదాపు వచ్చును. బరువైన వస్తువులు క్రిందను, ఇరుసుల నడుమను ఉండవలయును. కప్పుపై తేలికవే కట్టవలయును. అన్నియు నెత్తికెక్కించిన బండి ప్రక్కవాటు దారిలో దొర్లుటకు సిద్ధముగా నుండును.

చట్టమును గూడ ఎఱుగవలయును. తయారైన రూపునకు భిన్నముగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ముందర బిగించు ఇనుపకమ్మీలను 2017 డిసెంబరులోనే కేంద్రప్రభుత్వము నిషేధించినది. అభయారణ్యములలో అనుమతి లేక ప్రవేశించుట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు విరుద్ధము. నల్లమలలో ఎక్కడబడిన అక్కడ గుడారము వేయుదు మనుకొనువారు ముందుగా అటవీశాఖ వారిని కలిసికొనవలయును.

పాతబండి కొనువారు మా తప్పు చేయకుందురు గాక. బండి క్రింద గోనెపట్ట పఱచుకొని వెల్లకిల పండుకొనుడు. నడుమనున్న పెట్టెనుండి షాఫ్టులు రెండు, ముందునకొకటి వెనుకకొకటి, ఉన్నవో లేవో చూడుడు. చట్రమునకు క్రొత్తగా వెల్డింగు పడినదేమో, తుప్పుపై రంగు పూసిరేమో తడవి చూడుడు. కాలిక్రింది పట్టా లేపి లోపల ఎండిన ఒండ్రు కనబడినచో అది నీట మునిగిన బండి యని తెలియుడు. పిమ్మట వదులునేలపై 4ఎల్‌లో వేసి నడుపుచు, నాలుగు చక్రములును మట్టిని పట్టి లాగుచున్నవో లేవో ప్రక్కన నిలిచి చూచుట కొకనిని పెట్టుడు. ఇందుకు పావుగంట పట్టును. అమ్మువాడు దీనికి విసుగుకొన్నచో ఆ బేరము వదలివేయుడు.

మా మిత్రుడు తన జీపునకు పాత సామానుల యంగడిలో షాఫ్టు వెదకి తెచ్చి బిగింపించెను. మఱుసటి మాఘమున, నేల యెండిన తరువాత, అదే డొంక మీదుగా పోయి గండికోట చేరితిమి. ఆనాడు మమ్ము లాగిన రైతు మొన్న మా యొద్దకు వచ్చి కుమారునికొఱకు పాత జిప్సీ నొకదానిని బేరమాడితి నని చెప్పెను. క్రిందికి దూరి చూచితిరా యని మేము అడుగబోవునంతలో, ఆయన నవ్వి, "రెండు షాఫ్టులూ ఉండాయి సామీ, చేత్తో పట్టుకొని లెక్కపెట్టినా" అనెను.