పాత కంప్యూటరుకి కాస్త ఓపిక

“పాతదైపోయిందమ్మా, తీసి పారేసి కొత్తది కొనుక్కోండి!”

మిక్సీ బాగుచేసేవాళ్ళ దగ్గర్నుంచి ఫ్రిజ్ బాగుచేసేవాళ్ళ దాకా అందరి నోటా ఈ మాట వింటూనే ఉంటాం. కంప్యూటరు విషయంలోనైతే మరీను. లోపల ఏముందో మనకి తెలియదు కదా అని వాళ్ళ ధీమా. కానీ నెమ్మదించిన ప్రతి కంప్యూటరూ పనికిరానిది కాదు. చాలాసార్లు దానికి కావలసింది ఇంకాస్త మెమొరీ, అంటే ర్యామ్. అదీ సరైన రకం. ఆ “సరైన రకం” దగ్గరే చిక్కంతా ఉంది.

మా తోటికోడలి సంగతే చెప్తాను. తెనాలిలో ఉంటుంది. ఇంట్లోనే కూర్చుని నాలుగు దుకాణాల లెక్కలు రాసి పెడుతుంది. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పటి నుంచీ 11వ తేదీ, 20వ తేదీ దగ్గరపడ్డాయంటే ఆ ఇంట్లో పెళ్ళిపనులంత హడావిడి. ఆ వచ్చే డబ్బు పూర్తిగా ఆవిడ సంపాదన. కూతురి హాస్టలు ఫీజు అందులోంచే కడుతుంది.

ఆవిడ కంప్యూటరు 2011లో కొన్నది. ర్యామ్ 2 జీబీ. 2023 వచ్చేసరికి ట్యాలీ తెరిచి, పక్కన బ్రౌజరు కూడా తెరిస్తే చాలు, మౌసు కదలడం మానేసేది. ఓటీపీ వచ్చి, దాని గడువు కూడా అయిపోయాక అప్పుడు తీరిగ్గా ఆ పేజీ తెరుచుకునేది! చూసిన మెకానిక్కు, “కొత్తది 35 వేలవుతుంది, దీన్నింక వదిలెయ్యండి” అన్నాడట. “అక్కా, నిజంగా వదిలెయ్యాల్సిందేనా?” అని నాకు ఫోను. పదేళ్ళపాటు ఓ ఆఫీసులో కంప్యూటర్ల కొనుగోళ్ళూ మరమ్మతులూ చూసినదాన్ని కాబట్టి మా వైపు చుట్టాలందరికీ ఇలాంటివాటికి నేనే దిక్కు.

ముందు రోగం ఏమిటో చూడాలి. హార్డ్ డిస్క్ మన స్టోర్‌రూమ్ అనుకుంటే, ర్యామ్ వంటగట్టు. స్టోర్‌రూమ్‌లో ఎన్ని బస్తాలున్నా, గట్టు మీద రెండు గిన్నెలకే చోటుంటే మూడోది పెట్టడానికి ఒకదాన్ని దించాలి. దించడం, ఎత్తడం, మళ్ళీ దించడం. ఈ తిప్పటలోనే కంప్యూటరు అలిసిపోతుంది. కంట్రోలు, షిఫ్టు, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. రోజూ చేసే పనులన్నీ తెరిచి ఉంచి అందులో మెమొరీ ఎంత వాడకంలో ఉందో చూడండి. 90 శాతం దాటి ఉంటే గట్టు చాలట్లేదన్నమాట. మెమొరీ సగమే వాడుతూ, డిస్క్ మాత్రం వంద శాతం చూపిస్తుంటే ర్యామ్ కొని లాభం లేదు. ఆ డబ్బు పెట్టి హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ వేయించుకోండి.

తోటికోడలిది అచ్చంగా గట్టు చాలని జబ్బే.

ఇక రకాల మాట. కుక్కరు గ్యాస్కెట్ కొనడానికి వెళితే ఏ కంపెనీ, ఎన్ని లీటర్లు అని అడుగుతాడు కదా! 5 లీటర్ల కుక్కరుకి 3 లీటర్ల గ్యాస్కెట్ ఎంత లాగినా పట్టదు. ర్యామ్ కూడా అంతే. డీడీఆర్, డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4, డీడీఆర్5 అని తరాలున్నాయి. ఒక తరంది ఇంకో తరం బోర్డులో కూర్చోదు. డీడీఆర్2, డీడీఆర్3 రెండిటికీ అంచున 240 బంగారు గీతలుంటాయి గానీ, మధ్యలో ఉండే గాటు వేరే వేరే చోట్ల ఉంటుంది. కావాలనే అలా పెట్టారు, పొరపాటున ఒకదానిలో ఒకటి దూర్చకుండా. డీడీఆర్4కైతే గీతలే 288. స్థూలంగా చెప్పాలంటే 2010 - 2015 మధ్య కొన్న ఇంటి కంప్యూటర్లలో ఎక్కువగా డీడీఆర్3 ఉంటుంది. అయినా సంవత్సరాన్ని నమ్ముకుని కొనకండి, లోపలున్న పట్టీ చూసి కొనండి.

ఆ పట్టీ మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. చీర అంచు మీద మిల్లు పేరు చూసినట్టు దాన్ని చదవడం నేర్చుకుంటే సగం పని అయిపోయినట్టే. “2జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ3-10600యూ” అని ఉందనుకోండి. పీసీ3 అంటే డీడీఆర్3. 10600 దాని వేగం. దుకాణాల్లో 1333 అని పిలిచేది దీన్నే. 1333ని 8తో గుణిస్తే దాదాపు ఆ అంకె వస్తుంది. 1600 రకం మీద 12800 అని ఉంటుంది. వేగాలు కలవకపోయినా మరీ భయపడక్కర్లేదు. ఎక్కువ వేగంది వేసినా మామూలుగా బోర్డుకి చేతనైన వేగానికి తగ్గి నడుస్తుంది. రెండు పట్టీలు రెండు వేగాలవైతే రెండూ తక్కువ వేగానికే దిగుతాయి, ఒంటెద్దుకి జోడు కట్టిన కోడెలాగ.

చివర ఉన్న ఆ ఒక్క అక్షరం మాత్రం చాలా ముఖ్యం. “యూ” అంటే మన ఇంటి డెస్క్‌టాప్‌ది. “ఎస్” అంటే లాప్‌టాప్‌ది, పొట్టిగా ఉంటుంది. “ఆర్” అంటే సర్వర్లది. పాత సర్వర్లు విప్పి తీసిన పట్టీలు బజార్లో చవగ్గా దొరుకుతాయి. పొడవూ గాటూ అన్నీ మనదానిలాగే ఉంటాయి, స్లాటులో చక్కగా కూర్చుంటాయి కూడా. కానీ మామూలు ఇంటి కంప్యూటరు వాటితో నడవదు. చవకని మోజుపడితే అంతే సంగతులు. పీసీ3 పక్కన “ఎల్” ఉంటే అది 1.35 వోల్టుల మీద కూడా నడిచే రకం. మామూలు డీడీఆర్3కి కావలసింది 1.5 వోల్టులు. “ఎల్” రకం ఆ వోల్టేజీ మీద కూడా నడుస్తుంది కాబట్టి పాత డెస్క్‌టాప్‌లో వేసుకోవచ్చు.

ఇంతవరకూ తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. మా తోటికోడలిని నిజంగా ఏడిపించింది ఇంకోటి.

నేను చెప్పాక ఆవిడ ఊళ్ళోని ఓ దుకాణంలో 4 జీబీ డీడీఆర్3 పట్టీ వేయించుకుంది. స్విచ్ వేస్తే తెర నల్లగానే ఉంది. లోపల్నుంచి బీప్ బీప్ అని చప్పుడు. ఇంకోటి పెట్టి చూశారు, అదీ అంతే. “మీ బోర్డే పోయిందమ్మా” అని తేల్చేశారు. పాత 2 జీబీది మళ్ళీ పెడితే మాత్రం చక్కగా నడుస్తోంది! బోర్డు పోతే అదెలా నడుస్తుందండీ? ఈ ప్రశ్న అడిగితే, “ఇంట్లో సార్‌ని ఒకసారి ఫోన్ చెయ్యమనండి” అన్నారట. లెక్కలు రాసేది ఆవిడ, డబ్బు కట్టేది ఆవిడ, జవాబు మాత్రం సార్‌కి చెప్తారట!

సంగతేమిటంటే, ఆ బోర్డు ఇంటెల్ జీ41 చిప్‌సెట్‌ది. ఆ రోజుల్లో మన ఊళ్ళల్లో బాగా అమ్ముడుపోయిన రకం. అది మొత్తం 8 జీబీ వరకే తీసుకుంటుంది. అంతేకాదు, పట్టీ మీదుండే ఒక్కో నల్లటి చిప్పులో 2 గిగాబిట్ల వరకే దానికి చదవడం వచ్చు. లెక్క కట్టండి: 8 గిగాబిట్లు కలిస్తే 1 జీబీ. 4 జీబీ కావాలంటే 32 గిగాబిట్లు. చిప్పుకి 2 చొప్పున 16 చిప్పులుండాలి, అంటే పట్టీకి ఈ పక్క 8, ఆ పక్క 8. తర్వాత వచ్చిన పట్టీల్లో చాలావాటికి చిప్పుకి 4 గిగాబిట్లు, ఒక పక్కనే 8 చిప్పులు. మొత్తం అదే 4 జీబీ, ధరా ఇంచుమించు అంతే, కానీ జీ41కి అది మింగుడుపడదు. ఎవరి తప్పూ లేదు, పట్టీ మంచిదే, బోర్డూ మంచిదే. జాతకాలే కలవలేదు.

చీటీ మీద “1ఆర్ఎక్స్8” అంటే 8 చిప్పులది, “2ఆర్ఎక్స్8” అంటే 16 చిప్పులది. అంత చిన్న అంకె! సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉందే, అందరూ సీటీసీ అంటారు, అక్కడ అరపూట తిరిగి, ఆఫీసు కంప్యూటర్లలోంచి తీసిన “2ఆర్ఎక్స్8” పట్టీలు రెండు సంపాదించి పంపాను. రెండూ కలిపినా కొత్త కంప్యూటరు ధరలో పదో వంతు కూడా కాలేదు. ఒకే రకం రెండు కొనడం ఎందుకంటే, రెండు స్లాటుల్లో జతగా వేస్తే బోర్డు రెండిటినీ ఒకేసారి వాడుకోగలదు, కొంచెం చురుగ్గా ఉంటుంది.

డీడీఆర్2 వాళ్ళకీ ఇలాంటి గండమే ఒకటుంది. 4 జీబీ డీడీఆర్2 పట్టీలు కొన్ని ఏఎండీ బోర్డుల మీదే పనిచేస్తాయి, ఇంటెల్ వాటి మీద చెయ్యవు. అందుకే ఏ దుకాణానికి వెళ్ళినా మీ మదర్‌బోర్డు మోడల్ నంబరు రాసుకుని వెళ్ళండి. బోర్డు మీదే అచ్చు వేసి ఉంటుంది. సీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రాం వేసుకుంటే మూత తియ్యకుండానే చెప్తుంది. ఆ నంబరుతో తయారీదారు ఇచ్చిన మాన్యువల్ వెతికితే గరిష్ఠంగా ఎంత, ఏ రకం అన్నది రాసి ఉంటుంది. పాత పట్టీని కూడా నమూనాకి తీసుకెళ్ళడం ఇంకా మంచిది, బ్లౌజు గుడ్డకి మ్యాచింగు కోసం చీర పట్టుకెళ్ళినట్టు. “పనిచెయ్యకపోతే వారంలో మార్చి ఇస్తాం” అని బిల్లు మీద రాయించుకోండి. నోటిమాట వద్దు. మొహమాటం అసలొద్దు.

ర్యామ్ పెంచగానే సంబరపడకుండా చూడాల్సింది మరొకటుంది. విండోస్ 32 బిట్‌ది అయితే ఇంట్లో వాడే రకాల్లో 4 జీబీకి మించి వాడుకోలేదు, అందులోనూ కొంత కోతపడి మూడూ చిల్లర మిగులుతుంది. 8 జీబీ వేసినా దండగే. మా తోటికోడలికి ముందు లెక్కల ఫైళ్ళన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి తీయించి, 64 బిట్ విండోస్ 10 వేయించాం. ఆ తర్వాత ట్యాలీ, బ్రౌజరు, పీడీఎఫ్‌లు అన్నీ ఒకేసారి తెరిచి పెట్టుకుని, “అక్కా, ఓటీపీ ఇంకా బతికుండగానే పేజీ వచ్చేసింది” అని నవ్వింది.

మరి ఇప్పుడు కూడా ఇదే చెయ్యమంటారా అని అడిగితే, పనిని బట్టి అంటాను. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. అంత పాత ప్రాసెసర్లని విండోస్ 11 అధికారికంగా ఒప్పుకోదు. బ్యాంకు లావాదేవీలూ, ఇతరుల లెక్కలూ చూసేవాళ్ళు అలాంటి యంత్రం మీద ఎల్లకాలం నెట్టుకురావడం నాకిష్టం లేదు. మా తోటికోడలు ఆ రెండేళ్ళూ చీటీ కట్టుకుని, పాడుకుని, అప్పు చెయ్యకుండా కొత్తది కొనుక్కుంది. పాతదాంట్లో లినక్స్ మింట్ వేసి పిల్లాడికిచ్చాం. ఉచితమే, 8 జీబీతో హాయిగా నడుస్తోంది. టైపింగు, పాఠాలు, వీడియోలు అన్నీ దానిమీదే. అన్నట్టు, 2025 చివర్నుంచి కొత్త ర్యామ్ ధరలు బాగా పెరిగాయి, కృత్రిమ మేధ కోసం కట్టే డేటా సెంటర్లకి మెమొరీ ఎంతున్నా చాలట్లేదు మరి. కాబట్టి ఇంట్లో పాత పట్టీలుంటే చెత్తబుట్టలో వెయ్యకండి.

బిగించడం పెద్ద విద్యేం కాదు, మీరే చేసుకోవచ్చు. స్విచ్ ఆపి, ప్లగ్గు పీకేసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆ పూటకి సింథటిక్ చీరలు వద్దు, నూలుది కట్టుకోండి. పొడి గాలిలో సింథటిక్ బట్ట రాసుకుంటే పుట్టే చిటపట విద్యుత్తు చిప్పులకి చేటు. ముందు క్యాబినెట్ ఇనప రేకు ముట్టుకుని, తర్వాతే పట్టీని అంచుల దగ్గర పట్టుకోండి. దుమ్ముని మెత్తటి పొడి బ్రష్షుతో దులపండి, తడిగుడ్డ పెట్టకండి. స్లాటు రెండు చివర్లా ఉన్న క్లిప్పులు బయటికి వంచితే పాతది పైకి లేస్తుంది. కొత్తదాని గాటు సరిచూసి రెండు చివర్లా సమంగా నొక్కితే టక్కుమని క్లిప్పులు పడతాయి.

బీప్ వస్తే కంగారుపడకండి. మళ్ళీ ప్లగ్గు తీసి, పట్టీని బయటికి తెచ్చి, బంగారు గీతల్ని పిల్లల రబ్బరుతో మృదువుగా రుద్ది, ఆ పొడి ఊదేసి ఇంకోసారి గట్టిగా కూర్చోబెట్టండి. సగం బీపులు అక్కడే ఆగిపోతాయి. అప్పటికీ రాకపోతే ఒక్కో పట్టీని విడిగా, ఒక్కో స్లాటులో పెట్టి చూడండి. తప్పు పట్టీదో స్లాటుదో అప్పుడు తేలుతుంది. వచ్చాక విండోస్‌లోనే ఉండే మెమొరీ డయాగ్నస్టిక్‌ని ఓ రాత్రి నడిపించి, బిల్లు గడువు దాటేలోపే ఫలితం చూసుకోండి.