అరౌకేరియా: నేటి విస్తరణ, శిలాజ సాక్ష్యం

క్రిస్మస్ చెట్టు పేరుతో తోటల్లో పెంచే, అంతస్తులుగా కొమ్మలు వేసే చెట్టును మీరు చూసే ఉంటారు. సాధారణంగా అది అరౌకేరియా. ఈ ప్రజాతి నేడు సహజంగా పెరిగేది దక్షిణార్ధగోళంలోనే. సుమారు 20 జాతుల్లో 14 న్యూకాలెడోనియా దీవులకే పరిమితం. దక్షిణ అమెరికాలో ఉన్నవి రెండే.

గతంలో పరిస్థితి ఇలా లేదు. ఇంగ్లండులోని జురాసిక్ శిలల్లో అరౌకేరియా శంకువులు దొరికాయి. మన ఒంగోలు సమీపంలోని వేమవరం షేల్ పొరల్లో (తొలి క్రిటేషియస్) అరౌకరైటిస్ అనే శంకు పొలుసులు లభించాయి. పొలుసుకు ఒకే విత్తనం, అదీ పొలుసులో ఇమిడి ఉండటం ఈ వర్గానికి గట్టి గుర్తు.

విద్యార్థులు తరచుగా పొరపడేది దారువు విషయంలో. అరౌకరియాక్సిలాన్ అనే శిలాదారువు కనిపించగానే అక్కడ అరౌకేరియా పెరిగిందని రాయకండి. దాని ట్రాకీడు గోడలపై గర్తాలు తేనెపట్టు గదుల్లా ఒకదానికొకటి ఆనుకొని, ఏకాంతరంగా ఉంటాయి. కార్డయిటేలిస్ దారువులోనూ, గ్లోసాప్టెరిస్ దారువులోనూ ఇదే అమరిక ఉంది. కాబట్టి అది రూప ప్రజాతి మాత్రమే. గోదావరి లోయలోని పెర్మియన్ పొరల్లో దొరికే ఇటువంటి దుంగలను గ్లోసాప్టెరిస్ వృక్షాలవిగా భావించడమే సమంజసం.