ప్రోబు కింద చుక్క నూనె

ఉక్కు దిమ్మ మీద, లోపలి బీటలు వెతికే అల్ట్రాసౌండ్ ప్రోబు పెట్టే ముందు చుక్క నూనె వేశాను. "అరిగిపోకుండానా సార్?" అని అడిగాడో కుర్రాడు. జవాబు చెప్పకుండా నూనె శుభ్రంగా తుడిచేసి ప్రోబు ఆనించాను. తెర మీద మొదటి పొడుపు తప్ప గీతంతా చదునుగా పడుకుంది. మళ్ళీ చుక్క వేసి అదిమాను. ప్రతిధ్వని నిటారుగా లేచింది.

అడ్డుపడింది గాలి. ఎంత నున్నగా సానపట్టినా రెండు ముఖాల మధ్య కంటికి కనపడని గాలి పొర మిగులుతుంది. ఉక్కునుంచి గాలిలోకి అడుగుపెట్టబోయే అల్ట్రాసౌండ్ శక్తిలో లక్షకు నాలుగు వంతులు కూడా దాటలేవు, మిగతాదంతా వెనక్కే. నూనె ఆ గాలిని తరిమేసి దారి ఇస్తుంది.

నాకు ఎన్నిసార్లు చూసినా తనివి తీరనిది ఇదే: గడప దగ్గర శత్రువైన గాలే ఉక్కు లోపల మనకు చుట్టం. బీటలో ఉన్న ఖాళీని తాకిన శబ్దం ముందుకు పోలేక తిరిగొస్తుంది, బీట జాడ చెబుతుంది. అయితే గట్టిగా అదుముకుపోయి ఖాళీ మిగలని బీట దొరక్కుండా పోవచ్చు.

1928లో లెనిన్‌గ్రాడ్‌లో సెర్గేయ్ సొకొలోవ్ ఒకవైపు నుంచి శబ్దం పంపి, రెండోవైపు అందుకుని, లోపాన్ని నీడలా పట్టాలన్నాడు. నీడకు లోతు తెలియదు, పైగా వస్తువుకు రెండు వైపులా చేయి అందాలి. మిషిగన్ విశ్వవిద్యాలయంలోని ఫ్లాయిడ్ ఫైర్‌స్టోన్ ఒకే వైపు నుంచి అరిచి, చెవి రిక్కించే పరికరానికి 1942లో పేటెంట్ పొందాడు. నా ఓటు ఆయనకే.

ఎందుకంటే చిక్కంతా ఆ అరుపులోనే ఉంది. ఉక్కులో శబ్దవేగం సెకనుకు సుమారు 5,900 మీటర్లు. 10 సెంటీమీటర్ల లోతుకెళ్ళి వచ్చేసరికి సెకనులో పదిలక్షో వంతులు 34 మాత్రమే గడుస్తాయి. ఈలోగా ప్రోబులో శబ్దం పుట్టించే స్ఫటికం నోరు మూయాలి. గుడిగంట కొట్టి వెంటనే అరచేయి ఆనిస్తే మోత ఆగుతుంది కదా, నేటి ప్రోబులో స్ఫటికం వెనక అతికించిన బరువైన దిమ్మ అదే పని చేస్తుంది. అయినా ఉపరితలానికి మరీ దగ్గరి లోపం ఆ మోతలో కలిసిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పరికరాలు కర్మాగారాలకు చేరాయి.

మన రైలు పట్టాల మీద సిబ్బంది తోసుకెళ్ళే పరీక్షబండి కూడా ఈ సంతతిదే. నిలువు బీటలు తిన్నగా దిగే శబ్దానికి ముఖం చూపించవు కాబట్టి 70 డిగ్రీలు వాల్చి పంపుతారు. అక్కడ నూనె బదులు నీళ్ళు. డబ్బాలో నీళ్ళు అయిపోతే బండి ఆపి నింపుకోవాల్సిందే.