రెండక్షరాల పలకరింపు

తెలుగు పల్లెల్లో బోరు మోటార్లకు మొబైల్ స్టార్టర్లు పెట్టుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. వేళకాని వేళ పొలానికి పరుగెత్తే పని లేకుండా, రైతు ఇంటి దగ్గర నుంచే ఫోన్ చేసి మోటారు వేస్తాడు. ఇలాంటి డబ్బాల్లో చాలావాటి మూత విప్పితే సిమ్‌కార్డు దూర్చిన చిన్న జీఎస్‌ఎం మాడ్యూల్ ఒకటి, దానికి పనులు పురమాయించే మైక్రోకంట్రోలర్ ఒకటి కనిపిస్తాయి. ఆ రెంటి మధ్య నడిచేదంతా ఇంగ్లీషు అక్షరాల్లో సాగే సంభాషణ. కాల్ రాగానే మాడ్యూల్ 'రింగ్' అని రాసి పంపుతుంది. ఆ వెంటే చేసినవాళ్ల నంబరు చెబుతుంది. నంబరు తెలిసినదైతే మైక్రోకంట్రోలర్ మోటారు రిలేని కదిలిస్తుంది, 'ఏటీహెచ్' అని రాసి ఫోన్ పెట్టేయిస్తుంది.

ఆ మైక్రోకంట్రోలర్ కుర్చీలో మనిషి కూర్చోవచ్చు. ఇందుకు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. కీబోర్డు, టెర్మినల్ విండో, మూడు వైర్లు చాలు. పరికరాన్ని నేరుగా అడిగి, అది నేరుగా చెప్పే జవాబు చదవడం ఎలక్ట్రానిక్స్ నేర్చుకునే ఎవరికైనా తొలినాళ్లలోనే అందాల్సిన అనుభవం. చాలామందికి అది అందదు. రెడీమేడ్ లైబ్రరీలూ యాప్‌లూ మధ్యలో అడ్డుగా నిలబడి, ఏదైనా పని చేయకపోతే తప్పు ఎక్కడుందో కూడా తెలియనివ్వవు.

త్రీఫేజ్ కరెంటున్న స్టార్టర్ డబ్బా జోలికి పోకుండా, బల్ల మీద విడిగా ఒక మాడ్యూల్ పెట్టుకుని మొదలుపెట్టడం క్షేమం. కంప్యూటర్‌కీ దానికీ మధ్య యూఎస్‌బీ టు సీరియల్ కన్వర్టర్ కావాలి. సీహెచ్340, సీపీ2102, ఎఫ్‌టీ232 వంటి చిప్‌లతో వచ్చే ఈ చిన్న బోర్డులు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీ దుకాణాల్లో అడిగితే ఇస్తారు. కన్వర్టర్ టీఎక్స్ పిన్ను మాడ్యూల్ ఆర్‌ఎక్స్‌కు, ఆర్‌ఎక్స్ పిన్ను టీఎక్స్‌కు కలపాలి. ఒకరు పంపేది రెండోవారు వినాలి కాబట్టి వైర్లు అడ్డంగా మారతాయి. మూడో వైరు గ్రౌండ్. దీన్ని మర్చిపోయి గంటలు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

కన్వర్టర్ గుచ్చగానే లినక్స్ దానికి ఒక పేరు పెడుతుంది, సాధారణంగా 'టీటీవైయూఎస్‌బీ0' అని. విండోస్‌లో అదే కామ్3, కామ్5 లాంటి పేరుతో డివైస్ మేనేజర్‌లో కనిపిస్తుంది, పుట్టీ అనే ఉచిత ప్రోగ్రాంతో తెరవవచ్చు. లినక్స్ టెర్మినల్లో 'స్క్రీన్' అని కొట్టి, పక్కన ఆ పోర్టు పేరు పూర్తి దారితో రాసి, చివర 9600 అనే అంకె వేసి ఎంటర్ నొక్కితే విండో మొత్తం ఖాళీ అవుతుంది. కొత్తవాళ్లు ఇక్కడే ఏదో చెడిపోయిందని కంగారు పడతారు. చెడలేదు, లైను తెరుచుకుంది. ఇప్పుడు 'ఏ', 'టీ' అనే రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కాలి. కింది వరసలో 'ఓకే' అని వస్తే మాడ్యూల్ పలికినట్టే.

ఆ 9600 ఏమిటంటే సెకనుకు వైరు మీద నడిచే బిట్ల సంఖ్య. దీన్ని బాడ్ రేట్ అంటారు. ఫ్రాన్స్‌కు చెందిన టెలిగ్రాఫ్ ఇంజనీరు ఎమీల్ బోదో పేరు మీదుగా వచ్చిన మాట ఇది. ఈ పద్ధతిలో రెండు చివర్లకూ ఉమ్మడి గడియారం ఉండదు. కోలాటంలో జంట ఒకే తాళానికి అడుగు వేసినట్టు, ఇద్దరూ ముందే అనుకున్న వేగంతో లెక్కపెట్టుకోవాలి. 9600 వేగంలో ఒక్కో బిట్‌కు దాదాపు 104 మైక్రోసెకన్లు. ఏమీ పంపనప్పుడు లైను '1' స్థితిలో ఉంటుంది. అక్షరం మొదలవుతుందనడానికి ముందుగా ఒక '0' వస్తుంది, అది స్టార్ట్ బిట్. తర్వాత ఎనిమిది డేటా బిట్లు, చివర '1'గా స్టాప్ బిట్. అంటే అక్షరానికి పది బిట్లు, సెకనుకు 960 అక్షరాలు.

'ఏ' అక్షరం సంగతే చూద్దాం. పెద్దబడి 'ఏ' సంకేతం 65, బైనరీలో 01000001. సీరియల్ లైను మీద చివరి బిట్ ముందు నడుస్తుంది. కాబట్టి స్టార్ట్ బిట్ '0' వెంటనే '1' వస్తుంది, స్టార్ట్ బిట్ రెండు వైపులా '1'ల మధ్య ఒంటరిగా నిలుస్తుంది. అది ఎంతసేపు ఉందో కొలిస్తే అవతలివారి వేగం తెలిసిపోతుంది. వేగాన్ని తనంతట తాను పట్టుకునే ఆటోబాడ్ మాడ్యూళ్లు కమాండు మొదట్లో వచ్చే ఈ అక్షరం మీదే ఆధారపడతాయి. పలకరింపులోనే కొలబద్ద కూడా ఇమిడి ఉందన్నమాట.

ఈ 'ఏటీ' భాష అమెరికాలో పుట్టింది. డెనిస్ హేస్, డేల్ హెదరింగ్టన్‌ల కంపెనీ 1981లో స్మార్ట్‌మోడెమ్ తెచ్చింది. దాని వేగం సెకనుకు 300 బిట్లు. వాళ్ల ముందున్న చిక్కు ఏమిటంటే, ఒకే లైను మీద అవతలి కంప్యూటర్‌కు పోవాల్సిన డేటా, మోడెమ్‌కు చెప్పాల్సిన ఆజ్ఞ రెండూ నడవాలి. ఏది ఏదో మోడెమ్‌కు తెలియాలి. అందుకే ఆజ్ఞ 'ఏటీ'తో మొదలవ్వాలన్నారు. మాట మధ్యలో మళ్లీ ఆజ్ఞ ఇవ్వాలంటే క్షణం ఆగి, మూడు ప్లస్ గుర్తులు కొట్టి, మళ్లీ క్షణం ఆగాలన్నారు. డయలప్ మోడెమ్‌లు మూలపడ్డాయి గానీ ఆ భాష మొబైల్ ప్రమాణాల్లోకి ఎక్కి, 4జీ మాడ్యూళ్ల దాకా వచ్చింది.

పోర్టు పేరులోని 'టీటీవై' చరిత్ర ఇంకా పాతది. అది టెలీటైప్‌కు పొట్టిపేరు. 1963లో వచ్చిన టెలీటైప్ మోడల్ 33 సెకనుకు పది అక్షరాలు కాగితం మీద అచ్చు కొట్టే యంత్రం. తొలినాటి యూనిక్స్‌కు తెర బదులు ఇలాంటి యంత్రాలే ఉండేవి. ఇప్పటి లినక్స్ ఆ పేరునే మోస్తోంది.

ఇక పని చేయనప్పుడు ఏం చూడాలన్నది. తెర మీద పిచ్చి గుర్తులు వస్తే బాడ్ రేట్ కుదరలేదని అర్థం. 9600 కాకపోతే 115200 వేసి చూడాలి. అసలేమీ రాకపోతే టీఎక్స్, ఆర్‌ఎక్స్ వైర్లు తారుమారు చేసి చూడాలి. పోర్టు తెరిచేటప్పుడే 'పర్మిషన్ డినైడ్' అంటే, ఉబుంటు, డెబియన్లలో మన యూజర్‌ను 'డయలౌట్' గ్రూపులో చేర్చి, లాగౌటై మళ్లీ రావాలి. కొట్టిన అక్షరాలు కనబడకుండా జవాబులు మాత్రం వస్తుంటే ఎకో ఆగిపోయి ఉంటుంది, 'ఏటీఈ1' అంటే తిరిగి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ మందిని తిప్పలు పెట్టేది కరెంటు. సిమ్800ఎల్ అనే జీఎస్‌ఎం మాడ్యూల్‌కు 3.4 నుంచి 4.4 వోల్టులు కావాలి. టవర్‌తో మాట్లాడే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు హామీ ఇచ్చేది అర ఆంపియరే. అందుకే 'ఓకే' చక్కగా చెప్పే మాడ్యూల్ నెట్‌వర్క్ వెతకబోగానే పడిపోయి, మళ్లీ మొదటికొస్తుంది. తప్పు కమాండులో ఉందనుకుని కోడ్ తిరగరాసేవాళ్లు ముందు పవర్ సప్లై చూసుకుంటే మంచిది. ఇంకో జాగ్రత్త కూడా ఉంది. పాత కంప్యూటర్ల వెనక ఉండే తొమ్మిది పిన్నుల ఆర్‌ఎస్-232 పోర్టులో '1' అంటే మైనస్ 3 నుంచి మైనస్ 15 వోల్టులు, '0' అంటే ప్లస్ 3 నుంచి 15. దాన్ని తిన్నగా 3.3 వోల్టుల బోర్డుకు కలిపితే చిప్ కాలిపోవచ్చు. మధ్యలో మ్యాక్స్3232 లాంటి చిప్ ఉండాలి.

కరెంటు కుదిరాక సంభాషణ సరదాగా సాగుతుంది. 'ఏటీ+సీఎస్‌క్యూ' అంటే సిగ్నల్ ఎంతుందో 0 నుంచి 31 మధ్య ఒక అంకెలో చెబుతుంది. 99 అంటే తనకు తెలియదని. 'ఏటీ+సీఆర్‌ఈజీ' వెనక ప్రశ్నార్థకం పెట్టి అడిగితే నెట్‌వర్క్‌లో నమోదైందో లేదో తెలుస్తుంది. జవాబులో రెండో అంకె 1 అయితే సొంత నెట్‌వర్క్, 5 అయితే రోమింగ్, 2 అయితే ఇంకా వెతుకుతోంది. సిమ్800ఎల్ 2జీ మాడ్యూల్. జియోకు 2జీ లేదు కాబట్టి ఆ సిమ్‌తో ఎంతసేపు చూసినా నమోదు కాదు. కొనేముందే చూసుకోవాల్సిన సంగతి ఇది.

ఎస్సెమ్మెస్ పంపాలంటే 'ఏటీ+సీఎంజీఎఫ్=1' అని టెక్స్ట్ పద్ధతిలోకి మారాలి. 'ఏటీ+సీఎంజీఎస్=' తర్వాత డబుల్ కోట్ గుర్తుల మధ్య నంబరు ఇస్తే బాణం మొనలాంటి గుర్తు వస్తుంది. సందేశం కొట్టి కంట్రోల్, జడ్ కలిపి నొక్కాలి. ఇంగ్లీషులో 160 అక్షరాలు పడతాయి. తెలుగు పంపాలంటే యూసీఎస్2 పద్ధతికి మారాలి, అప్పుడు సందేశానికి 70 సంకేతాలే. గుణింతం గుర్తుకు కూడా విడిగా ఒక సంకేతం ఖర్చవుతుంది. 'నీరు' అని పంపాలంటే 0సీ28, 0సీ40, 0సీ30, 0సీ41 అని నాలుగు యూనికోడ్ సంకేతాలు కొట్టాలి: న, గుడి దీర్ఘం, ర, కొమ్ము. ఫోన్ నంబరు కూడా ఇదే తీరులో, 9 బదులు 0039 అని రాయాలి. చేత్తో ఒక్క మాట పంపి చూస్తే చాలు, తెలుగు మెసేజ్ ఎందుకంత త్వరగా నిండిపోతుందో అర్థమైపోతుంది.

జీపీఎస్ రిసీవర్‌ను ఇదే తీగలకు తగిలిస్తే అడక్కుండానే మాట్లాడుతుంది. డాలర్ గుర్తు, 'జీపీజీజీఏ' అనే మాట, కామాల మధ్య సమయం, అక్షాంశం, రేఖాంశం, అందిన ఉపగ్రహాల సంఖ్య వరసగా వస్తుంటాయి. హైదరాబాద్ నడిబొడ్డున అక్షాంశం 1723.1 అని కనిపించవచ్చు. అది 17 డిగ్రీల 23.1 నిమిషాలు, అంటే 17.385 డిగ్రీలు. చుక్కను రెండంకెలు ముందుకు జరిపి 17.231 అనుకుంటే మ్యాప్‌లో మనిషి దాదాపు 17 కిలోమీటర్లు దక్షిణాన తేలతాడు.

పని ముగిశాక స్క్రీన్‌లోంచి బయటికి రావడానికి కంట్రోల్-ఏ నొక్కి, తర్వాత 'కె' నొక్కి, ఔనని 'వై' నొక్కాలి. స్క్రీన్ బదులు పికోకామ్ అనే ప్రోగ్రాం వాడేవాళ్లు కంట్రోల్-ఏ, కంట్రోల్-ఎక్స్ నొక్కాలి. విండోను ఊరికే మూసేస్తే స్క్రీన్ వెనకాల పోర్టును పట్టుకునే ఉంటుంది, తర్వాత తెరవబోయిన ప్రోగ్రాంకు 'బిజీ' అన్న జవాబే వస్తుంది.